హోం థియేటరులో రొద: కారణము, నివారణము

మా శ్రోతల యిండ్లలో పలుచోట్ల రేడియో ప్రక్కకు నేడు హోం థియేటరు వచ్చి చేరినది. పాటకును పాటకును నడుమ, సినిమాలో మాటలు లేనిచోట, స్పీకరునుండి తుమ్మెద ఝంకారమువంటి రొద యెడతెగక వినవచ్చుట అనేకులకు అనుభవమే. ఆంప్లిఫయరు చెడినదని తలచి దానిని మరమ్మతునకు పంపుదురు. అచట బల్లపై అది చక్కగా పనిచేయును. ఇంటికి తెచ్చి కేబుల్ తీగ తగిలించినంతనే రొద మరల మొదలగును. దోషము యంత్రమునందు గాక, యంత్రములను కలిపిన తీగలయందు ఉండవచ్చునని దీనివలన గ్రహింపవలెను.

ఈ రొద యెక్కడిది? మన యిండ్లకు వచ్చు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు గల ఏకాంతర ప్రవాహము. ఏన్కూరు ప్రాంతమువారికి పరిచితమైన పాల్వంచలోని తాపవిద్యుత్కేంద్రమున జనరేటరు నిమిషమునకు 3,000 మారులు, అనగా సెకనుకు 50 మారులు తిరుగును. స్పీకరులో మనము వినునది ఆ లయయే. అది ధ్వని తీగలలోనికి ఏ త్రోవను వచ్చుచున్నదో కనుగొనుటే మన పని.

కేబుల్ వారు వాడు తీగలో నడుమ నొక రాగి తీగ, దానిచుట్టు నిరోధక పదార్థము, ఆపైన లోహపు జాలి తొడుగు ఉండును. ఈ పద్ధతికి 1880లో ఆలివర్ హెవిసైడ్ ఇంగ్లండులో పేటెంటు పొందెను. బయటి అలజడి లోనికి రాకుండ జాలి కాపాడును. అయితే ఆ జాలి కేబుల్ వారి యంత్రమువద్ద నొకచోట ఎర్తుకు కలుపబడి యుండును. మన ఆంప్లిఫయరు మూడు పిన్నుల ప్లగ్గు ద్వారా ఇంటి ఎర్తుకు కలియును. రెండు కుంటల నీటిమట్టములలో తేడా యున్నచో, కాలువ త్రవ్వినంతనే నీరు పారును. అటులనే ఈ రెండు ఎర్తుల నడుమ స్వల్పమైన వోల్టేజి తేడా యున్నను, సెట్‌టాప్ బాక్సునుండి ఆంప్లిఫయరునకు పోవు ధ్వని తీగ జాలి గుండ విద్యుత్తు ప్రవహించును. ఆంప్లిఫయరు పాటతోపాటు దానినికూడ పెంచి వినిపించును. వేసవిలో నేల యెండినకొలది ఎర్తు నిరోధము హెచ్చును గనుక ఈ తేడా పెరుగుటకు వీలు కలదు.

పరీక్ష సులభము. వాల్యూము తగ్గించి, సెట్‌టాప్ బాక్సు వెనుకనున్న కేబుల్ తీగను విప్పుడు. రొద ఆగినచో అది కేబుల్ త్రోవనే వచ్చుచున్నది. ఆగనిచో ధ్వని తీగలను పరిశీలింపుడు. అవి కరెంటు తీగలను ఆనుకొని పోరాదు, దాటవలసినచోట అడ్డముగా దాటవలెను. రొద ఝుమ్మని గాక చిటపటమని వినబడినచో, వదులైన కనెక్టరును, వాననీరు చేరిన అతుకును అనుమానింపవలెను.

రొద కేబుల్ త్రోవను వచ్చినచో శాశ్వతమైన నివారణము, తీగ ఇంటిలో ప్రవేశించుచోటనే దాని జాలిని ఇంటి ఎర్తుతో కలుపుట. ఇది ఎలక్ట్రీషియను, కేబుల్ వారు కలిసి చేయదగిన పని. అది వీలుకానిచో కేబుల్ ఐసొలేటరును సెట్‌టాప్ బాక్సునకు ముందు తగిలింపవచ్చును. అందలి చిన్న ట్రాన్స్‌ఫార్మరు సంకేతమును అయస్కాంత క్షేత్రము ద్వారా దాటించును. లోహపు లంకెను మాత్రము తెంచును. డిష్ యాంటెన్నా తీగకు దీనిని వాడరాదు. ఆ తీగ వెంటనే బాక్సు 13 లేక 18 వోల్టుల విద్యుత్తును పైకి పంపుచుండును, ఐసొలేటరు దానిని ఆపివేయవచ్చును. ఆప్టికల్ తీగకు వీలున్న పరికరములలో అదియు మేలు. ధ్వని వెలుగు రూపమున పోవును గనుక రెండింటి నడుమ లోహపు లంకె యుండదు.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. కొందరు ప్లగ్గులోని ఎర్తు పిన్నును విరిచివేయుదురు, లేదా ఆ తీగను కత్తిరింతురు. రొద ఆగును, నిజమే. కాని ఆ పిన్ను తక్కిన రెండింటికంటె పొడవుగా చేయబడినది. సాకెట్టులో ముందుగా తగిలి, తుదకు వదలుటకే అటుల చేసిరి. లోపలి కరెంటు తీగ ఊడి లోహపు పెట్టెకు తగిలినచో, విద్యుత్తును భూమికి మళ్లించి ఫ్యూజు పోవునట్లు చేయునది ఎర్తే. అది లేనిచో పెట్టెను ముట్టుకొన్న బిడ్డ దేహమే భూమికి త్రోవ యగును. చెవికి కలుగు చిన్న సుఖమునకు ఇంటిల్లిపాది ప్రాణమును పందెమొడ్డరాదు.

తీగ జాలిని గాని, పెట్టెను గాని తాకినపుడు చేయి జివ్వుమన్నచో అది రొద సమస్య కాదు. మెయిను ఆపి ఎలక్ట్రీషియనును పిలిపింపవలెను. ఉరుములు వినబడకమునుపే కేబుల్ తీగను, ప్లగ్గును విప్పి యుంచుట మంచిది. ఐసొలేటరు పిడుగును ఆపజాలదు. తీగలను పరీక్షించిన పిమ్మటనే ఆంప్లిఫయరును మరమ్మతునకు పంపుడు.