తప్పు నడుముది కాదు... కత్తెరది!

తెరమీద హీరోయిన్ ఎగురుతుంది, వంగుతుంది, గిర్రున తిరుగుతుంది. ఆమె జాకెట్ చంక దగ్గర పిగలదు. కుచ్చిళ్లు జారవు. అదే మోడలని ముచ్చటపడి కొనుక్కున్న మన అమ్మాయి చెయ్యెత్తిందో లేదో... పర్రుమంటుంది! ఎందుకంటారు?

వీరపునాయునిపల్లె నుంచి పండక్కి బట్టలకని ప్రొద్దుటూరు బస్సెక్కే అమ్మాయిలనడగండి, చెబుతారు. బంగారానికీ బట్టలకీ రెండో ముంబై అని పేరుపడ్డ ఊరది. అంగళ్ల నిండా గుట్టలు గుట్టలుగా రెడీమేడ్లు. రంగులకు కొదవ లేదు, తళుకులకు కొదవ లేదు. లేనిదల్లా సరిపోయే కొలతే! భుజాలు కుదిరితే ఛాతీ దగ్గర పట్టేస్తుంది. ఛాతీ కుదిరితే భుజాలు జారిపోతాయి.

"ఇంకో సైజు చూపించన్నా!"

"అదే పెద్దదమ్మా. నాలుగుసార్లు తొడిగితే సాగుతాదిలే!"

సాగేది గుడ్డ కాదు, మన ఓపిక! నూలుదైతే ఒక్క ఉతుక్కే ఇంకాస్త కురచవుతుంది కూడా.

ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి ఆ పిల్ల అనేదేమిటో తెలుసా? "అమ్మా, నేనే లావైపోయినానేమో!" ఆ రాత్రి అన్నం మానేస్తుంది. డబ్బు పోతే పోయింది, ఈ బాధ మాత్రం క్షమించరానిది.

అమ్మాయీ, తప్పు నీది కాదు. ఒక కంపెనీ 'ఎమ్' ఇంకో కంపెనీకి 'ఎల్'. మన ఒంటితీరు చూసి వేసిన సైజుల పట్టిక లేక, విదేశీ పట్టికలనే అటూ ఇటూ మార్చి వాడుతూ వచ్చారు. అందుకే నిఫ్ట్ సంస్థ 2018లో 'ఇండియా సైజ్' సర్వే ప్రకటించింది. హైదరాబాదుతో సహా 6 నగరాల్లో 25,000 మందిని స్కానర్లతో కొలవాలన్నది లక్ష్యం. అంటే, మన కొలతలు సరిగ్గా తెలియవని పెద్దవాళ్లే ఒప్పుకున్నారన్నమాట!

మరి హీరోయిన్ సంగతి? ఆమె బట్ట ఆమె ఒంటిమీదే పుడుతుంది. 'బ్రహ్మచారి' (1968)లో ముంతాజ్ నారింజరంగు చీర గుర్తుందా? డాన్సులో జారకుండా ముందే కుట్టి, జిప్పు పెట్టింది భాను అథయ్యా. 'గాంధీ' సినిమాకు 1983లో ఆస్కార్ అందుకున్న తొలి భారతీయురాలు ఆవిడే.

మనకు భాను అథయ్యా లేకపోవచ్చు. వీధి చివర కుట్టుమిషను ఉందిగా! బాగా కుదిరిన జాకెట్ ఒకటి ఆదికి దాచుకోండి. నూలు గుడ్డను తడిపి ఆరేశాకే కుట్టడానికివ్వండి. లోపల అంగుళం గుడ్డ వదలమనండి, రేపు విప్పుకోవచ్చు. రెడీమేడ్ కొంటే కొట్లోనే చెయ్యెత్తి, వంగి, కూర్చుని చూడండి. మొహమాటమెందుకు? డబ్బు మనదేగా!

ఈసారి పాటలో హీరోయిన్ నడుము చూసి నిట్టూర్చకండి. ఆ నడుముకు టేపు పట్టిన చేతుల్ని తలుచుకోండి!