స్పోర్ట్స్ కారు, ఎర్తు వైరు, వారంటీ కాగితం

ఆదివారం తెల్లవారుతూనే మా మేనల్లుడి ఫోను. “మావయ్యా, మళ్లీ సెల్ఫ్ తీసుకోవట్లేదు. తలుపు కూడా సరిగ్గా పడట్లేదు.” హైదరాబాద్ ఔటర్ మీద వారానికోసారి ఓ చుట్టు తిప్పే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అది. కొని ఏడాదిన్నర కూడా కాలేదు, అప్పటికే మూడుసార్లు టోయింగ్ బండి ఎక్కింది. మూడుసార్లూ సర్వీస్ సెంటర్ వాళ్లు బ్యాటరీ మార్చడమో చార్జ్ చేయడమో చేసి, స్కానర్ పెట్టి చూసి, ‘నో ఫాల్ట్ ఫౌండ్’ అని రాసి పంపేశారు. నాలుగోసారి బిల్లు చేతిలో పెట్టారు. బ్యాటరీకి వారంటీ వర్తించదట. బండి తీయకుండా నిలబెట్టడం వల్లే దిగిపోయిందట.

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అందుకే దాన్ని కొట్టిపారేయకుండా లెక్క వేసి చూడాలి.

తాళం వేసి వెళ్లాక కూడా ఈ కాలపు కారు పూర్తిగా నిద్రపోదు. అలారం, రిమోట్ సిగ్నల్ కోసం కాచుకుని ఉండే రిసీవర్, ఫోన్ యాప్‌తో మాట్లాడే మోడెం కొద్దికొద్దిగా కరెంటు లాగుతూనే ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న కారులో ఈ వాడకం సుమారు 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలని మెకానిక్కులు లెక్క పెట్టుకుంటారు. అంటే రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు. 70 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నెల రోజులు కదలకుండా ఉంటే 36 పోతాయి, దాదాపు సగం ఖాళీ. కాబట్టి ఏ లోపమూ లేని స్పోర్ట్స్ కారు కూడా రెండు నెలలు షెడ్డులో ఉంటే మొరాయిస్తుంది. దానికి కంపెనీని అనడానికి లేదు, మెయింటెనెన్స్ చార్జర్ తగిలించుకోవాల్సిన బాధ్యత మనదే. కానీ మావాడు వారం వారం తీస్తాడు. వారానికి పోయేది 8.4 ఆంపియర్ అవర్లు. అంతమాత్రానికి సెల్ఫ్ ఆగిపోకూడదు. ఎక్కడో 400 మిల్లీ ఆంపియర్లు లీకవుతుంటే మాత్రం రోజుకి 9.6 చొప్పున వారంలో బ్యాటరీ మొత్తం ఖాళీ.

అంటే ఈ తగువులో తప్పెవరిదో తేల్చేది ఒకే ఒక్క అంకె: తాళం వేశాక కారు లాగుతున్న కరెంటు. సర్వీస్ సెంటర్ రాసిచ్చిన మూడు జాబ్ కార్డుల్లో ఎక్కడా ఆ అంకె లేదు.

నాలుగోసారి దాన్ని కొలవమని గట్టిగా అడిగాం. అక్కడి టెక్నీషియన్ కుర్రాడు పనిమంతుడు. డిక్కీ తెరిచి, దాని లాక్‌ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూత పడిందని కారుని నమ్మించాడు. తాళం చెవి పక్కగదిలో పెట్టించాడు, ఎందుకంటే చెవి దగ్గర్లో ఉంటే కొన్ని కార్లు మెలకువగానే ఉంటాయి. నలభై నిమిషాలు ఆగాం. ఫ్యూజులు పీకలేదు. పీకితే నిద్రపోయిన కంప్యూటర్లు లేచి కూర్చుంటాయి, అసలు దొంగ జాగ్రత్త పడిపోతాడు. కేబుల్ చుట్టూ క్లాంప్ మీటరు వేసి చూస్తే 38 మిల్లీ ఆంపియర్లు. లీకు లేదు, నిలబెట్టినందువల్ల దిగిపోయే పరిస్థితీ లేదు. మరి బండి ఎందుకు ఆగుతోంది?

కారులో బ్యాటరీ ప్లస్ నుంచి వైర్లు వెళ్తాయి, తిరిగొచ్చే దారి మాత్రం చాలావరకు ఇనుప బాడీయే. దాన్నే ఎర్తు అంటాం. బరువు ముందూ వెనకా సరిగ్గా సర్దడానికి చాలా స్పోర్ట్స్ కార్లలో బ్యాటరీని వెనక డిక్కీలో పెడతారు. కార్పెట్టు కింద, నీరు దిగితే ఆరని చోట, నల్ల కేబులు ఒక బోల్టుతో బాడీకి బిగించి ఉంటుంది. కుర్రాడు మీటరు ఒక ముల్లు బ్యాటరీ మైనస్ మీద, రెండోది బాడీ మీద పెట్టి సెల్ఫ్ కొట్టమన్నాడు. 0.9 వోల్టు చూపించింది. అక్కడ 0.2 దాటకూడదు. సెల్ఫ్ 180 ఆంపియర్లు లాగుతోందనుకుంటే, అతుకులో ఒక ఓమ్‌లో రెండువందలో వంతు రెసిస్టెన్స్ ఉన్నా ఇంత వోల్టేజీ పోతుంది. మామూలు మల్టీమీటరుతో ఓములు కొలిస్తే ఆ లోపం కనపడనే కనపడదు. కరెంటు పారుతున్నప్పుడే బయటపడుతుంది.

కార్పెట్టు ఎత్తి బోల్టు విప్పాడు. వాషరు కింద బాడీ పెయింటు పూర్తిగా గీకి ఉండలేదు, మిగిలిన చోట పచ్చగా చిలుము. ఆ అతుకు ఒకరోజు అంటుకుంటుంది, ఒకరోజు అంటుకోదు. అంటుకోని రోజున ఆల్టర్నేటర్ ఇచ్చే చార్జీ కూడా బ్యాటరీకి సరిగా చేరదు. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ కేబులు కదిలి, కొన్ని వారాలు బాగా అంటుకునేది. కొత్త బ్యాటరీ పనిచేసిందని అందరం అనుకున్నాం. తలుపు సంగతీ అదే. ఫ్రేము లేని అద్దాల తలుపులు తీసేటప్పుడూ వేసేటప్పుడూ అద్దం కొద్దిగా కిందికి దిగాలి. కరెంటు చాలకపోతే దిగదు. బలవంతంగా వేస్తే రబ్బరు సీలు చిరుగుతుంది.

స్కానర్ సంగతి చెప్పాలి. కారులోని కంప్యూటర్లు రెండు తీగల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. 1986లో బాష్ కంపెనీ పరిచయం చేసిన ఈ పద్ధతి పేరు ‘క్యాన్’. వోల్టేజీ ఒక్క క్షణం పడిపోతే ఒకటి మాట ఆపేస్తుంది, మిగతావన్నీ దాని మీద ఫిర్యాదు రాసుకుంటాయి. యూ అక్షరంతో మొదలయ్యే కోడ్లు గుంపుగా వచ్చాయంటే ఎక్కువగా ఇదే తంతు. స్కానర్ ఎవరు ఏడ్చారో చెబుతుంది కానీ ఎవరు కొట్టారో చెప్పదు. ఆ కోడ్ల పట్టీ చూసి స్టీరింగ్ మాడ్యూలు, ఏబీఎస్ యూనిట్టు మార్చుకుంటూ పోతే లక్షలు ఖర్చవుతాయి, విదేశం నుంచి పార్టు వచ్చేదాకా బండి వారాల తరబడి అక్కడే ఉంటుంది. అందుకే కోడ్లు చెరిపేయకముందే ప్రింటు అడగండి. అప్పటి వోల్టేజీ ఎంతో కూడా చాలాసార్లు అందులో ఉంటుంది. చెరిపేశాక మన చేతిలో ఆధారం మిగలదు.

వారంటీ తగువులో నేను అన్నిటికంటే విలువిచ్చేది జాబ్ కార్డుకి. అడ్వైజరు ‘స్టార్టింగ్ ప్రాబ్లం’ అని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టమంటాడు. పెట్టకండి. ఏ తేదీన, ఎంతసేపు ఆగిన తర్వాత, వానలోనా ఎండలోనా, ఏ లైట్లు వెలిగాయి, కిలోమీటర్లు ఎంత, ఇంతకుముందు ఎన్నిసార్లు ఇదే జరిగింది, అన్నీ రాయించండి. డ్యాష్‌బోర్డు వీడియో అదే రోజు మెయిల్ చేయండి. ‘నో ఫాల్ట్ ఫౌండ్’ అని వచ్చినా ఆ కాగితం పారేయొద్దు. లోపం వారంటీలో ఉండగానే మొదలైందని చెప్పే సాక్ష్యం అదే.

కంపెనీ కాదనగలిగే సందర్భాలూ ఉన్నాయి. బయట వేయించిన డ్యాష్‌క్యామ్ కోసం వైరు కోస్తే, ఇంజిన్ కంప్యూటర్‌ని ట్యూన్ చేయిస్తే, ఎలుకలు వైరింగు కొరికితే, సెల్లారులో వరద నీళ్లు చేరితే వారంటీ అడగడం కష్టం. చివరి రెండిటికీ ఇన్సూరెన్సు పాలసీ తీసి చూసుకోవాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లకి కొంత వెసులుబాటు ఉంది. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం బయటి పార్టు వేశారన్న ఒక్క కారణంతో వారంటీ నిరాకరించడం కుదరదు, లోపం దాని వల్లే వచ్చిందని చూపించాలి. పదేపదే రిపేరుకొచ్చే కొత్త కారుని మార్చమనో డబ్బు వెనక్కిమ్మనో అడిగే హక్కునిచ్చే లెమన్ చట్టాలూ అక్కడి రాష్ట్రాల్లో ఉన్నాయి, మొదటిది 1982లో కనెక్టికట్‌లో వచ్చింది. రిపేరుకి ఎన్నిసార్లు వెళ్లింది, ఎన్ని రోజులు షెడ్డులో ఉంది అన్నదే అక్కడా లెక్క. అంటే మళ్లీ జాబ్ కార్డే.

మన దేశంలో లెమన్ చట్టం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టమే దిక్కు, అది బలహీనమైనదేమీ కాదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. కేసు వేయాలంటే కారుకి చెల్లించిన ధర చూస్తారు: 50 లక్షల వరకు జిల్లా కమిషన్, ఆపైన 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, అది దాటితే జాతీయ కమిషన్. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మీరుండే చోటే వేయొచ్చు. వివాదం మొదలైన రెండేళ్లలోపు వేయాలి. డీలర్నీ తయారీదారునీ ఇద్దర్నీ చేర్చండి. అయితే కొత్త కారు ఇప్పించమనే ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. లోపమున్న పార్టు మారుస్తామని మాత్రమే వారంటీలో ఉంటే, మొత్తం కారు మార్చమనడం సరికాదని 2006లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. పార్టు, రిపేరు, పోయిన రోజులకి పరిహారం అడిగితే గెలిచే అవకాశం ఎక్కువని నా అభిప్రాయం. తయారీ లోపమని నిరూపించడానికి నిపుణుడి నివేదిక కావాలి. 0.9 వోల్టు లాంటి ఒక్క కొలత పది పేజీల ఆవేదనకంటే అక్కడ బాగా పనికొస్తుంది.

మావాడికి అంతదాకా వెళ్లే పని పడలేదు. పెయింటు గీకి, కొత్త బోల్టు వేసి, గ్రీజు పట్టించి, మళ్లీ సెల్ఫ్ కొడితే 0.08 వోల్టు. మేనేజరు బిల్లు వెనక్కి తీసుకున్నాడు. వెళ్లొస్తామని లేస్తుంటే మావాడు జాబ్ కార్డు మళ్లీ చేతికిచ్చి, “ఎర్తు అతుకులో లోపం, ఫ్యాక్టరీలో పెయింటు తీయలేదు, వారంటీ కింద సరిచేశాం అని రాయండి సార్, ముందూ తర్వాతా వోల్టులు కూడా” అన్నాడు. ఆయన ఒక నిమిషం ఆలోచించి రాశాడు.

వచ్చే ఏడాది వారంటీ ముగుస్తుంది. ఆ కార్డు కాపీ కారు పత్రాల ఫైల్లో ఒకటి, మా ఇంట్లో ఒకటి ఉంది.