డబ్బు సంచీ ఎవరి చేతిలో ఉంది?

నాది టికెట్లు కొట్టే ఉద్యోగం, విజయవాడలో ఒక ట్రావెల్ ఆఫీసులో. టీవీలో దేశాలు తిరిగే పోటీలు వస్తుంటే మా ఇంట్లోవాళ్లు ఎవరు గెలుస్తారా అని చూస్తారు. నేను మాత్రం వాళ్ల జేబులో ఎంతుంది, అది ఎవరిచ్చింది అని చూస్తాను. ఈ పోటీల అసలు గుట్టు అక్కడే ఉందని నా నమ్మకం.

అన్నిటికీ పెద్దన్న లాంటిది 2001లో అమెరికాలో మొదలైన ‘ది అమేజింగ్ రేస్’. ఇద్దరిద్దరి జట్లు. ప్రతి మజిలీకీ కవర్లో సూచనలు, కాస్త డబ్బు. ఆఖరున వచ్చినవాళ్లు సాధారణంగా ఇంటికే. కొన్నాళ్లకు మెలికలు మొదలయ్యాయి. 2004లో ‘యీల్డ్’ వచ్చింది. ఎదుటి జట్టును ఇసుక గడియారం ఖాళీ అయ్యేదాకా నిలబెట్టేయొచ్చు. తర్వాత దాని స్థానంలో వచ్చిన ‘యూ-టర్న్’ పడితే, రెండు పనుల్లో ఒకటి ఎంచుకుని చేసుకునే వెసులుబాటు పోయి రెండూ చెయ్యాలి. 2012లో ఆస్ట్రేలియావాళ్లు ‘సాల్వేజ్ పాస్’ అని పెట్టారు. మొదటి మజిలీ గెలిచినవాళ్లు గంట ముందుగానైనా బయల్దేరొచ్చు, లేదంటే ఆఖరున వచ్చిన జట్టునైనా బతికించొచ్చు. అడ్డుపుల్ల వేయడం కన్నా ఇదే నాకు నచ్చింది.

అయితే అన్నిటికన్నా ఘాటైన రూలు డబ్బు మీదే పెట్టారు. కొన్ని మజిలీల్లో ఆఖరున వచ్చినా పంపించేయరు. బదులుగా 2005 నాటి ఏడో సీజన్‌లో ఉన్న డబ్బు, సామాను లాగేసుకున్నారు. ఒంటి మీది బట్టలు, పాస్‌పోర్టు మిగుల్తాయంతే. ఉచెన్నా, జాయిస్ అనే దంపతులకు జమైకాలో ఈ శిక్ష పడింది. (అంతకుముందు జోధ్‌పూర్‌లో ముందంజ కోసం ఇద్దరూ గుండు కొట్టించుకున్నారు. మొక్కేమీ లేకుండానే!) చివరి రోజు సాన్ జువాన్‌లో మయామీ విమానం తలుపు వేసేశాక గేటు దగ్గరకొచ్చారు. విమాన సిబ్బంది పైలట్‌ని అడిగి మళ్లీ తలుపు తీయించి ఎక్కించారు. మా వృత్తిలో ఇది ఎంత అరుదో మాకే తెలుసు. అప్పటికే అదే విమానంలో కూర్చున్నారు వాళ్ల ప్రత్యర్థులు రాబ్, ఆంబర్.

ఫోర్ట్ లాడర్‌డేల్‌లో గమ్యం ముంగిట్లోకి వచ్చి ఆగింది టాక్సీ. పది లక్షల డాలర్లు అక్కడే ఉన్నాయి, టాక్సీకి ఇవ్వడానికి మాత్రం చేతిలో చాలినంత లేదు. బాకీ పెట్టి పరిగెత్తలేదు వాళ్లు. దారిన పోయేవాళ్లను అడిగి అడిగి కిరాయి కట్టాకే లోపలికెళ్లి గెలిచారు. చూడ్డానికి గొప్పగా ఉంటుంది. కానీ ఇదే శిక్షతో పేదల ఊళ్లలో అమెరికన్లు చెయ్యి చాచడం నాకు మింగుడుపడలేదు. 2006 చివర్లో వచ్చిన సీజన్‌కి ఆ శిక్ష తీసేశారు. తర్వాతి మజిలీలో మొదట చేరకపోతే అరగంట నిలబెట్టడం అన్నారు.

యూరప్‌వాళ్ల ‘పెకింగ్ ఎక్స్‌ప్రెస్’ 2004లో డచ్, బెల్జియన్ టీవీల్లో మొదలైంది. తర్వాత ఫ్రాన్స్, ఇటలీ అందుకున్నాయి. అక్కడ ఖాళీ జేబు శిక్ష కాదు, ఆట మొత్తం అదే. మనిషికి రోజుకు ఒక యూరో. బండి ఆపి లిఫ్ట్ అడగాలి, రాత్రికి ఎవరింట్లోనో చోటడగాలి. ఫ్రెంచివాళ్ల ఆటలో గెలుచుకున్న తాయెత్తులకు డబ్బు విలువ ఉంటుంది. ఓడి వెళ్లేవాళ్లు తమ తాయెత్తులను నచ్చిన జట్టుకిచ్చి పోతారు. కనుక అందరితో గొడవ పెట్టుకుంటే నష్టమే. బాగానే ఉంది గానీ, అన్నం పెట్టిన ఇంటివాళ్లకు ఏం మిగిలింది అని నాకు అనిపిస్తూనే ఉంటుంది.

లెక్క కుదిరినది మాత్రం బీబీసీవాళ్ల ‘రేస్ ఎక్రాస్ ద వరల్డ్’. ఫోన్లు, బ్యాంకు కార్డులు తీసేసుకుంటారు. విమానం ఎక్కకూడదు. కానీ ఆ దూరానికి విమాన టికెట్ ఎంతవుతుందో అంత డబ్బు ఇస్తారు. తిండి, బస, ప్రయాణం అన్నీ అందులోనే. 2019లో లండన్ నుంచి సింగపూర్‌కి మనిషికి 1,329 పౌండ్లు. చాలకపోతే దారిలో ఏదో ఒక పని చేసి సంపాదించుకోవాలి.

2025 సీజన్ చైనా గోడ దగ్గర మొదలై, నేపాల్ మీదుగా మన కన్యాకుమారిలో ముగిసింది. ఒక తల్లీకొడుకూ గెలిచారు. మన రైళ్లు, మన వెయిటింగ్ లిస్టులు, చేతిలో ఫోన్ లేదు. తత్కాల్ టికెట్ కోసం మీట నొక్కడానికి నేనే వేలు గాల్లో పెట్టుకుని కూర్చుంటాను, అయినా సగం సార్లు దొరకదు.