గట్టున చెట్టు - చేనికి సత్తువ

చేను పండవలెనన్న వాన కురియవలెననియు, విత్తనము మంచిది కావలెననియు ప్రతి రైతునకును తెలియును. కాని కురిసిన వానను పట్టి యుంచుకొను శక్తి నేలకు లేనిచో ఎంత మంచి విత్తనమైనను ఏమి ఫలము? ఆ శక్తిని చేకూర్చు సాధనములలో చెట్టు ముఖ్యమైనది. పైరులతోపాటు చెట్లను కూడ పొలమున పెంచు పద్ధతికి వన వ్యవసాయమని పేరు. 2014లో మన దేశము ఇందుకై ప్రత్యేకముగా ఒక జాతీయ విధానమును ప్రకటించినది. దీనివలన భూసారమునకు కలుగు మేలును, వహింపవలసిన జాగ్రత్తలను పంచాయతీ సభ్యులకు వివరింపగోరుచున్నాము.

అనంతపురము ప్రాంతపు ఎర్రనేలలను చూడుడు. అచట సాలీనా సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పెక్కు దశాబ్దములుగా మెట్టచేలలో వేరుసెనగయే ప్రధానమైన పంట. ఈ పంటను కోయరు. మొక్కను వేరుతో సహా పెరుకుదురు. కాయ ఇంటికిని, కట్టె పశువులకును పోవును. చేనిలో మిగులునది స్వల్పము. పైరు లేని నెలలలో నేల ఎండకు కాగి, గాలికి ఎగిరి, జడివానకు కొట్టుకొనిపోవును. అంగుళమెడు పైమన్ను తిరిగి ఏర్పడుటకు వందల ఏండ్లు పట్టును.

చెట్టు ఈ నష్టమును మూడు విధముల అరికట్టును. మొదటిది, ఆకు. రాలిన ఆకు కుళ్లి నేలలో కలిసి, వానపాములకును సూక్ష్మజీవులకును ఆహారమగును. మన్ను గుల్లబారి నీటిని ఇంకించుకొనును. రెండవది, వేరు. ఇది గట్టును బిగించి పట్టుటయే గాక, పైరు వేళ్లకు అందని లోతునుండి పోషకములను తెచ్చి ఆకుద్వారా పైమన్నునకు చేర్చును. మూడవది, నత్రజని. తుమ్మ, సుబాబుల్, గిరిపుష్పము మొదలగు జాతుల వేళ్లపై నుండు బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి చెట్టున కందించును.

వీనిలో గ్లిరిసిడియా యనబడు గిరిపుష్పము మెట్టరైతునకు మిక్కిలి అనుకూలము. గట్లపై అర మీటరు కొకటి చొప్పున నాటి, బాగుగా నాటుకొన్న పిదప ఏటికి రెండు మూడు మారులు మీటరు ఎత్తున కొట్టి, లేతరొట్టను చేనిలో పరచవచ్చును. ఎండిన ఆకు 100 కిలోలలో సుమారు 2.5 కిలోల నత్రజని యుండును. వాసన కారణముగా పశువులు సాధారణముగా దీనిని మేయవు. ఇది మన పెద్దలకు క్రొత్త విషయము కాదు. వరిమళ్లలో కానుగ ఆకును, జిల్లేడు రొట్టను త్రొక్కించినవారు వారే గదా!

“చెట్టు నీడన పైరు పెరుగదు” అని రైతులు చెప్పుమాటలో నిజము లేకపోలేదు. గట్టు ప్రక్క సాళ్లలో దిగుబడి తగ్గుట కలదు. అందుచే విత్తుటకు ముందే కొమ్మలను నరుకవలెను. గట్టు వెంబడి చిన్న కందకము త్రవ్వినచో ప్రక్కవేళ్లు చేనిలోనికి రావు. వర్షము తక్కువైన చోట్ల గట్లపై జామాయిల్ వేయుట తగదు; అది పొరుగువాని చేనిలోని తేమను సైతము పీల్చును. ఆకును కాల్చినను, అమ్మినను నేలకు దక్కునది లేదు. ఇంతేగాక, చెట్టున్నదని పశువుల ఎరువును మానరాదు.

పంచాయతీ చేయదగిన పనులు కొన్ని కలవు. ఉమ్మడి గట్టుపై నాటుటకు ముందు ఇరువురు రైతులను కూర్చుండబెట్టి, నీడను గూర్చియు, ఆకు కర్రల పంపకమును గూర్చియు ఒప్పందము చేయింపవలెను. పెక్కు తగవులు, చెట్ల నరికివేతలు ఇది లేకనే పుట్టుచున్నవి. వేసవిలో మేకల మేపునకు కట్టుబాటు విధింపవలెను. నాటుటకు ముందు మట్టిపరీక్ష చేయించి, ఫలిత పత్రములో సేంద్రియ కర్బనము ఎంత యున్నదో గుర్తించుకొనవలెను. అది 0.5 శాతమునకు లోబడినచో నేల బలహీనమని అర్థము. మూడేండ్లకు మరల పరీక్షించినచో ఫలితము ఎవరి మాటపైనను ఆధారపడక కంటికి కనబడును.

మన్ను మన తరముతో తీరిపోవు సొత్తు కాదు. తండ్రి యిచ్చిన చేనును అంతకంటె సత్తువగా కొడుకున కప్పగించుట ప్రతి రైతు విధి. ఈ తొలకరికి మీ గ్రామమున ఒక్క గట్టుతోనైనను ఈ పని ప్రారంభింతురని ఆశించుచున్నాము.