పెరటి పుదీనా – మేలెంత? మేర ఎంత?

చైత్ర, వైశాఖ మాసాలలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరప్రాంతాన ఎండకు ఉక్కపోత తోడవుతుంది. అన్నం సయించదు, తిన్నది అరగదు. అటువంటి దినాలలో చోడి అంబలిలోనో, పలుచని మజ్జిగలోనో నాలుగు పుదీనా ఆకులు నలిపి వేసుకుంటే నోటికి హితవుగా ఉంటుంది.

పుదీనా అనే పేరు పారసీక భాష నుండి మనకు వచ్చింది. ఇది తులసి కుటుంబానికి చెందిన మొక్క. మనం పచ్చడికి వాడే రకాన్ని వృక్షశాస్త్రజ్ఞులు మెంథా స్పైకేటా అంటారు. ఆయుర్వేద వైద్యులు దీనిని కటురసం, ఉష్ణవీర్యం కలదిగా, జఠరాగ్నిని పెంచే దీపన ద్రవ్యంగా, ఆహారాన్ని జీర్ణింపజేసే పాచన ద్రవ్యంగా, వాత కఫాలను శమింపజేసేదిగా పరిగణిస్తారు.

చల్లగా తోచే ఆకు ఉష్ణవీర్యం ఎట్లయింది? పుదీనా జాతులలోని మెంథాల్ అనే పదార్థం శరీరాన్ని చల్లబరచదు. చలిని గుర్తించే నాడీ గ్రాహకాన్ని మాత్రమే ప్రేరేపిస్తుంది. ఆ గ్రాహకాన్ని శాస్త్రజ్ఞులు 2002లో కనుగొన్నారు. స్పర్శ, ఉష్ణ గ్రాహకాలపై చేసిన పరిశోధనలకు డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు 2021లో నోబెల్ బహుమతి లభించింది. అనగా ఆ చల్లదనం నాలుకకే గాని ఒంటికి కాదు. కనుక జ్వరానికిగాని వడదెబ్బకుగాని పుదీనాను నమ్ముకుని కాలయాపన చేయరాదు.

నిత్య ఉపయోగాలు

అజీర్ణం, కడుపుబ్బరం: గుప్పెడు ఆకులను రెండు గ్లాసుల నీటిలో వేసి, ఒక గ్లాసు మిగిలేవరకు కాచి, వడగట్టి, గోరువెచ్చగా భోజనానంతరం త్రాగవలెను. దసరా వెళ్లిన తరువాత వచ్చే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వంటి పండుగలలో విందు భోజనం చేసినప్పుడు ఇది అక్కరకు వస్తుంది.

వికారం, అరుచి: చెంచాడు పుదీనా రసంలో కొద్దిగా నిమ్మరసం, తేనె కలిపి పెద్దలు సేవించవచ్చు.

జలుబు: మరిగే నీటిలో ఆకులు వేసి ఆవిరి పట్టితే ముక్కు తెరిపిగా ఉన్నట్లు తోస్తుంది. పిల్లలను మరిగే నీటి దగ్గరకు రానీయకూడదు.

పచ్చడి: ఉద్దానం కొబ్బరికి పుదీనా చక్కని జోడు. కప్పు ఆకులను చెంచా నూనెలో పచ్చిమిరపకాయలతో వాడ్చి, అరచిప్ప కొబ్బరి, కొద్దిగా చింతపండు, ఉప్పు చేర్చి రోట్లో నూరి, ఆవాలు, మినప్పప్పు, ఇంగువ తాలింపు పెట్టవలెను.

పెంపకం సులభమే. ఆకులు దూసిన కాడలను నీటిలో ఉంచితే కొద్ది రోజులకే వేళ్లు వస్తాయి. వాటిని తేమగల మట్టిలో, కొంత నీడపట్టున నాటితే చాలు.

జాగ్రత్తలు

విరేచనాలు పట్టుకున్నప్పుడు పుదీనా నీరు చాలదు. శరీరం కోల్పోయిన లవణాలను అది తిరిగి ఇవ్వలేదు. ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా పట్టించవలెను. చెంచాలు టీ చెంచాలు కావలెను, తలగొట్టి కొలవవలెను. పసిబిడ్డ నీరసించినా, మూత్రం తగ్గినా, మలంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లవలెను.

పుదీనా తైలం, మెంథాల్ లేపనాలు రెండేళ్లలోపు పిల్లల ముక్కుకు, ముఖానికి, ఛాతీకి రాయరాదు. శ్వాస స్తంభించే ప్రమాదం ఉన్నది. గుండెమంట, పులిత్రేనుపులు గలవారికి పుదీనా ఆ బాధను పెంచవచ్చు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఉద్దానం కుటుంబాలకు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు తదితర మండలాలలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఎందరినో పీడిస్తున్నది. దానికి మూలకారణం ఇదీ అని నిశ్చయంగా తేలలేదు. పుదీనా రసం మూత్రపిండాలను శుద్ధి చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకూడదు. మూత్రపిండాలు క్షీణించినవారి రక్తంలో పొటాషియం నిలిచిపోయి గుండె లయ తప్పవచ్చు. ఆకు రసాలలోను, కొబ్బరినీటిలోను పొటాషియం ఉంటుంది. పచ్చళ్లలో ఉప్పు ఎక్కువ. ఇట్టివారు వైద్యుని అడగనిదే గ్లాసులకొద్దీ ఆకు రసాలు త్రాగరాదు. రక్తంలో క్రియాటినిన్ పరీక్ష, మూత్ర పరీక్ష సకాలంలో చేయించుకొనుట మేలు. ఈ వ్యాధిగ్రస్తుల కొరకు పలాసలో 2023 డిసెంబరులో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి.

ఆరోగ్యవంతులు పుదీనాను నిత్యం పచ్చడిగా, కషాయంగా మితంగా వాడుకోవచ్చు. రోగం ముదిరిన చోట పెరటి ఆకు పథ్యానికి తోడు మాత్రమే; చికిత్సకు బదులు కాదు.