సవరించిన పలువరుసకు కాపుదల

వంకరపోయిన పలువరుసను సరిచేయించుకొన్నవారిలో కొందరు, తీగలు తీసివేసిన దినముననే చికిత్స ముగిసినదని తలతురు. నిజమునకు రెండవ ఘట్టము అప్పుడే మొదలగును. దానిని గూర్చియే నేడు మేము ముచ్చటింపదలచితిమి.

పన్ను ఎముకలో మేకువలె దిగగొట్టబడినది కాదు. సన్నని నారలు దానిని ఎముకతో బంధించి ఉంచును. తీగ ఒత్తిడికి పన్ను జరుగునప్పుడు ముందువైపు ఎముక కరగును; వెనుకవైపు క్రొత్త ఎముక ఏర్పడును. అది గట్టిపడుటకు కొన్ని నెలలు కావలెను. చిగుళ్లలోని నారలు సర్దుకొనుటకు ఏడాదియైనను పట్టవచ్చును. అంతవరకు అవి సాగదీసిన రబ్బరువలె పంటిని పాతచోటికి లాగుచుండును. ఇంటికి కప్పు పోసిన మరునాడే ఊతకర్రలు తీసివేయుదుమా?

ఇచట ఆ ఊతయే రిటెయినరు. 1919లో ఛార్లెస్ హాలీ అను అమెరికా దంతవైద్యుడు వివరించిన, తీగయు పలకయు గల రకము నేటికిని వాడుకలో నున్నది. పారదర్శకమైన తొడుగులు, దంతముల లోపలివైపున అంటించు సన్నని తీగలు తక్కిన రకములు. ఏ వేళల, ఎంతకాలము ధరింపవలెనో వైద్యుడే నిర్ణయించును.

భోజనవేళ తీసి కాగితమున చుట్టి విస్తరి ప్రక్కన ఉంచినచో, అది ఎంగిలాకుతో పోవును, డబ్బాలోనే ఉంచవలెను. వేడినీట కడిగిన ఆకారము చెడును. చన్నీరు, మెత్తని బ్రష్షు చాలును. కొన్నాళ్లు మాని మరల పెట్టుకొనగా బిగుతుగా తోచిన, దంతములు కదలినవని గ్రహింపవలెను. బలవంతముగా నొక్కక, వెంటనే వైద్యునికి చూపవలెను.

వయసు పెరిగినకొలది క్రింది ముందుపళ్లు ఇరుకగుట చికిత్స పొందనివారియందును కలదు. కావున ఏండ్లతరబడి ఓర్చి సంపాదించిన వరుసను అలక్ష్యముచేత పోగొట్టుకొనవలదని శ్రోతలకు మా మనవి.