పాత బండి స్టీరింగ్: వయసు మీద నెట్టేసే తప్పులు

"ముప్పై ఏండ్ల బండి, స్టీరింగ్ ఆ మాత్రం ఆడదా?" బుక్కరాయసముద్రం చుట్టుపక్కల చీనీకాయలో, వేరుశనగ మూటలో పాత బండిలో వేసుకుని తాడిపత్రి రోడ్డు ఎక్కేవాళ్లు ఈ మాట చాలా తేలిగ్గా అనేస్తారు. మహీంద్రా కమాండర్, ఎంఎం 540 జీపులు, 1986లో మార్కెట్లోకి వచ్చిన టాటా 407 తొలి బండ్లు ఈ తరానివే. వీటి ముందు రెండు చక్రాలనూ ఒకే ఇనుప యాక్సిల్ కలుపుతుంది, దాన్ని రెండు కమాన్ కట్టలు మోస్తాయి. నిర్మాణం మొరటుగా కనిపిస్తుంది కాబట్టి స్టీరింగ్ కూడా మొరటుగానే ఉంటుందని అనుకుంటారు. అన్ని అపోహలకూ మూలం ఇదే.

నిజానికి వయసు వల్ల ఏ స్టీరింగూ ఆడదు. జాయింట్లలో అరుగుదల వల్ల ఆడుతుంది. స్టీరింగ్ బాక్సులో కాస్త, అక్కడి నుంచి కదలికను చక్రాల వైపు తీసుకెళ్లే డ్రాగ్ లింక్ చివర కాస్త, రెండు చక్రాలనూ కలిపి తిప్పే టై రాడ్ ఎండ్లలో కాస్త, చక్రం అటూ ఇటూ మళ్లడానికి ఇరుసైన కింగ్ పిన్ బుష్‌లలో ఇంకాస్త ఖాళీ ఏర్పడుతుంది. అవన్నీ కలిసి డ్రైవర్ చేతికి వచ్చేసరికి బెత్తెడు ప్లే అవుతుంది. దీనికి చట్టంలోనూ హద్దు ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వ నిబంధన ప్రకారం స్టీరింగ్ చక్రం దగ్గర ప్లే 30 డిగ్రీలు మించకూడదు. 40 సెంటీమీటర్ల వ్యాసమున్న చక్రం అంచున అది సుమారు 10 సెంటీమీటర్లు. అంతవరకూ పరవాలేదని కాదు, అది దాటితే బండి రోడ్డెక్కడానికే పనికిరాదని అర్థం.

ప్లే కనబడగానే చాలామంది చేయించే మొదటి పని బాక్సు మీది స్క్రూ బిగించడం. రెండు నిమిషాల పని, ఖర్చు లేదు, వెంటనే గట్టిపడినట్టు అనిపిస్తుంది. కానీ బండి ఎక్కువ కాలం నేరుగానే పోతుంది కాబట్టి బాక్సులోని పళ్లు మధ్యభాగంలోనే ఎక్కువ అరుగుతాయి. మధ్యలో ఖాళీ పోయేదాకా స్క్రూ బిగిస్తే, అరగని చోటికి వచ్చినప్పుడు పళ్లు ఒరుసుకుంటాయి. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. తప్పు బాక్సుది కానప్పుడు జరిగే నష్టం ఇంకా పెద్దది, ఎందుకంటే అసలు వదులైన జాయింట్ అలాగే ఉండిపోతుంది.

ముందు తప్పు ఎక్కడుందో వెతకాలి. దీనికి యంత్రాలేవీ అక్కర్లేదు, ఇద్దరు మనుషులు చాలు. బండి చక్రాల మీదే నిలబడి ఉండాలి, ఇంజిన్ ఆపి ఉండాలి. (పవర్ స్టీరింగ్ ఉంటే మాత్రం ఇంజిన్ నడుస్తుండాలి. అప్పుడు గేరు తీసి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టాలి.) ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ను కొద్దిగా అటూ ఇటూ ఆడిస్తారు. రెండోవారు కింద ఒక్కో జాయింట్ మీద చెయ్యి పెట్టి చూస్తారు. ఒక వైపు కదిలి, రెండో వైపు ఆలస్యంగా కదిలితే తప్పు అక్కడే. బాక్సును ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టుల్నీ, ఆ చుట్టూ పగుళ్లనూ ఈ పరీక్షలోనే చూడాలి. విల్లీస్ నమూనాలో తయారైన పాత జీపుల్లో డ్రాగ్ లింక్‌కూ టై రాడ్‌లకూ మధ్య బెల్ క్రాంక్ ఉంటుంది. దాని బుష్ అరిగిందని తెలియక బాక్సులు మార్చేస్తుంటారు.

తర్వాత చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఆడితే, లోపలివాళ్లు బ్రేక్ తొక్కి పట్టగా మళ్లీ ఊపాలి. ఆట పోతే చక్రం బేరింగ్ వదులు. ఇంకా ఆడుతుంటే కింగ్ పిన్ అరిగినట్టు.

గుంతలో పడగానే ముందు చక్రాలు గిలగిలా కొట్టుకోవడం పాత బండ్లలో అన్నిటికంటే భయపెట్టే జబ్బు. "స్టీరింగ్ డ్యాంపర్ వేయిస్తే పోతుంది" అనేది దాని చుట్టూ అల్లుకున్న అపోహ. డ్యాంపర్ ఆ ఊపును కొంత కాలం అణచిపెడుతుంది. ఊపు పుట్టించే వదులు మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. యాక్సిల్ ఒకటే కాబట్టి, ఒక చక్రం గతుకు ఎక్కితే రెండోదీ ఒరుగుతుంది. వేగంగా తిరుగుతున్న చక్రం ఒరిగితే అది పక్కకు తిరగబోతుంది. జాయింట్లు బిగువుగా ఉంటే ఆ కదలిక అక్కడే చచ్చిపోతుంది. వదులుగా ఉంటే ఒక ఊపు ఇంకో ఊపును లేపుతుంది. 1920లలో మెత్తటి, లావాటి టైర్లు వచ్చినప్పుడు అమెరికాలోని కార్లను ఈ జబ్బు బాగా వేధించింది. 1934లో జనరల్ మోటార్స్ తన కార్లకు ముందు చక్రాలను విడివిడిగా కదిలే ఏర్పాటుకు మార్చడానికి ఇదీ ఒక కారణం. అంటే ఏక యాక్సిల్ బండికి ఈ గుణం పుట్టుకతోనే ఉంది, అందుకే దాని కింగ్ పిన్ బిగువు మీద శ్రద్ధ ఎక్కువ కావాలి.

బండి పక్కకు లాగితే అలైన్‌మెంట్‌కు పరిగెత్తడం ఇంకో అలవాటు. ఈ యాక్సిల్‌లో క్యాంబర్ (చక్రం పక్కకు ఒరిగే కోణం), కింగ్ పిన్ పక్క వాలు తయారీలోనే వచ్చేస్తాయి. యాక్సిల్ వంగితే తప్ప మారవు. టై రాడ్ తిప్పి సరిచేయగలిగేది టో-ఇన్ (రెండు చక్రాలూ ముందు వైపు దగ్గరగా ఉండటం) ఒక్కటే. పాత విల్లీస్ జీపులకు అది సుమారు 1.2 నుంచి 2.4 మిల్లీమీటర్లు, క్యాస్టర్ (కింగ్ పిన్ వెనక్కి వాలే కోణం) 3 డిగ్రీలు. క్యాస్టర్ తగ్గితే కమాన్ కట్టకూ యాక్సిల్‌కూ మధ్య వాలు ముక్కలు పెట్టి సరిచేస్తారు. అంతకంటే ముందు టేపు తీసి, ముందు యాక్సిల్ నుంచి వెనక యాక్సిల్‌కు రెండు పక్కలా కొలవాలి. ఒక పక్క తక్కువొస్తే కమాన్ కట్ట మధ్యలోని సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ జరిగిందేమోనని అనుమానించాలి. అప్పుడు ఎన్ని అలైన్‌మెంట్లు చేయించినా డబ్బు దండగే.

లోడుకు బలమని ముందు కట్టలో అదనపు పట్టీ వేయించడం వల్ల బండి లేస్తుంది, డ్రాగ్ లింక్ వాలిపోతుంది. అప్పుడు ప్రతి గతుకులోనూ కమాన్ కదిలితే స్టీరింగ్ కూడా తిరుగుతుంది.

స్టీరింగ్ బరువైతే పవర్ స్టీరింగే మందు అనుకునేవాళ్లూ ఉన్నారు. డ్రాగ్ లింక్ విప్పి, చక్రాలు లేపి చేత్తో తిప్పితే సంగతి తేలిపోతుంది. అప్పటికీ బరువుగా తిరిగితే బాక్సుతో పని లేదు, కింగ్ పిన్ ఎండిపోయింది. అనంతపురం మెట్ట దారుల్లో ఎండాకాలమంతా లేచే ఎర్ర దుమ్ము పాత గ్రీజులో కలిసి సానరాయి పొడిలా పనిచేస్తుంది. అందుకే గ్రీజు గన్ రెండు నొక్కులు నొక్కి వదిలేయకుండా నల్లటి పాత గ్రీజు అంతా బయటికి వచ్చేదాకా కొట్టాలి. ఆ పని యాక్సిల్‌ను జాకీ మీద లేపి చేయాలి. బండి బరువు మీద ఉన్నప్పుడు కింగ్ పిన్ కింది బేరింగ్‌లోకి గ్రీజు సరిగా చేరదు.

అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం, వంగిన టై రాడ్‌నో డ్రాగ్ లింక్‌నో కాల్చి సాపు చేయవచ్చుననీ, విరిగితే వెల్డింగ్ పెట్టవచ్చుననీ. స్టీరింగ్ భాగాల ఉక్కుకు బలం కోసం చేసిన వేడి పదును ఆ కాల్పుతో పోతుంది. అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది, విరిగాక చక్రాల మీద డ్రైవర్‌కు అదుపు ఉండదు. అలాంటి రాడ్‌ను మార్చాల్సిందే. కొత్తది బిగించేటప్పుడు కాటర్ పిన్‌కు బదులు తీగ ముక్క చుట్టకూడదు. బాల్ జాయింట్లకు రబ్బరు టోపీ ఉండాలనీ, బోల్టులూ పిన్నులూ ఊడకుండా లాక్ చేసి ఉండాలనీ 98వ నిబంధనే చెబుతోంది. నట్టు గాడీ బోల్టు రంధ్రమూ ఎదురెదురుగా రాకపోతే, కలపడం కోసం నట్టును వదులు చేయకూడదు. ఇంకాస్త బిగించి, తర్వాతి గాడికి తెచ్చి పిన్ వేయాలి.